దంపతీ పరిశోధకులు: పొడుపెవరిది, విడుపెవరిది?

అపరాధ పరిశోధన కథలను మన తెలుగు శాఖలు నేటికిని ముంగిటనే నిలిపియుంచినవి. అవి కాలక్షేపమునకు పుట్టినవనియు, చదివి పాఱవేయదగినవనియు ఒక యభిప్రాయము స్థిరపడియున్నది. నవలలకే యీ గతి పట్టగా, టెలివిజన్ ధారావాహికల మాట చెప్పనక్కఱలేదు. అయినను ఒక కథారూపము దేశములు మాఱి, తరములు మాఱి, అర్ధశతాబ్దికి పైగా జనులను ఆకర్షించినపుడు, అది దేని బలమున నిలిచినదో విచారించుట విమర్శకుని విధి. ఈ వ్యాసమున మేము అట్టి రూపములలో నొక్కదానిని మాత్రమే పరిశీలింపదలచితిమి. అది భార్యాభర్తలు కలిసి నేరరహస్యమును ఛేదించు కథ. అమెరికా, ఇంగ్లండు దేశముల టెలివిజన్‌లో నొకనాడు విశేష ప్రచారము గాంచిన యీ రూపము మనకు కేవలము పరాయిదా, లేక దాని బీజము మన రాయలసీమ కావ్యములలోనే కలదా యనునది మా ప్రశ్న.

ముందుగా రెండు మాటలను స్థిరపఱచుకొనవలెను. పొడుపు కథకు ఇద్దఱుండవలెను. ఒకరు పొడుతురు, ఒకరు విప్పుదురు. అపరాధ పరిశోధన కథయు నొక పెద్ద పొడుపు కథయే. నేరము జరుగును, దాని కార్యము కంటికి కనబడును, కారణము మఱుగున నుండును. ఆ మఱుగును తొలగించుటకు కథలోని పాత్రలు ప్రశ్నలు వేయుదురు. ఒకరు సమాధానము చెప్పుదురు. కథలో ప్రశ్న నెత్తుటను మేము పొడుపనియు, సమాధానము చెప్పుటను విడుపనియు వ్యవహరింతుము. పొడుపెవరిది, విడుపెవరిది యని అడిగినచో, ఆ కథను కల్పించిన సమాజము ఎవరి బుద్ధిని బుద్ధిగా లెక్కించినదో తేలిపోవును.

ఏక పరిశోధక కథలో నీ ప్రశ్నకు సమాధానము సులభము. 1841లో ఎడ్గార్ అలెన్ పో సృష్టించిన డ్యూపిన్‌కు పేరు లేని మిత్రుడొకడు తోడు. 1887లో వెలువడిన కోనన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్‌కు డాక్టర్ వాట్సన్ తోడు. గత శతాబ్ది యుత్తరార్ధమున తెలుగు పాఠకుల నాకట్టుకొన్న కొమ్మూరి సాంబశివరావు నవలలలో డిటెక్టివ్ యుగంధర్‌కు రాజు తోడు. ఈ జంటలన్నింటి యందును ఒక్కటే సంబంధము కలదు. అది గురుశిష్య సంబంధము. ప్రశ్న శిష్యునిది, విడుపు గురువుది. శిష్యుని ప్రశ్న గురువు ఆలోచనను మార్పజాలదు. ఆయన తన సామర్థ్యమును ప్రకటించుటకు అవకాశము మాత్రము కల్పించును. మన పాఠకులకు ఈ రూపము పరాయిదిగా తోపకపోవుటకు కారణము కూడ ఇదియే. గురువు చెప్పగా శిష్యుడు విను పద్ధతి మనకు క్రొత్త గాదు.

దంపతుల కథలో నీ యమరిక నిలువదు. భార్యాభర్తలు దినమంతయు గురుశిష్యులుగా నుండజాలరు. ఒకరి బలహీనత ఒకరికి తెలియును. ఒకరి గొప్పను ఒకరు ఊరక యొప్పుకొనరు. భోజనపు బల్లయొద్ద భర్త చెప్పిన సిద్ధాంతమును భార్య అక్కడనే పరీక్షించును. కావున జ్ఞానమిచ్చట ఉపదేశ రూపమున గాక సంవాద రూపమున పుట్టవలసియున్నది. ఈ యవకాశమును రచయితలు ఎంతవఱకు వినియోగించుకొనిరో కొన్ని ప్రసిద్ధ కృతుల యందు చూతము.

డాషియెల్ హామెట్ వ్రాసిన ‘ది థిన్ మ్యాన్’ నవల 1934లో వెలువడినది. ఆ సంవత్సరమే విలియం పవెల్, మిర్నా లాయ్ నటించిన చలనచిత్రము వచ్చెను. 1947 వఱకు మొత్తము ఆఱు చిత్రములు వచ్చినవి. 1957 మొదలు 1959 వఱకు ఎన్.బి.సి. యందు పీటర్ లాఫోర్డ్, ఫిలిస్ కిర్క్ దంపతులుగా నటించిన ధారావాహిక ప్రసారమయ్యెను. నిక్ చార్ల్స్ పూర్వము వృత్తిరీత్యా పరిశోధకుడు. నోరా ధనవంతురాలైన అతని భార్య. నవలను చెప్పువాడు నిక్, విప్పువాడును నిక్కే. పైకి చూచిన నిది పాత గురుశిష్య పద్ధతియే. కాని నవల ముగింపు గమనింపదగినది. నిక్ తన సమాధానమును భార్యకు వివరించుచుండగా, నోరా అడుగడుగున నది నిశ్చయమా, ఊహయా యని నిలదీయును. చివరకు ఆ వివరణ తనకు తృప్తికరముగా లేదని యనును. నవలలో చివరి మాట ఆమెదే. వాట్సన్ మెచ్చుకొనుటకు పుట్టినవాడు. నోరా శంకించుటకు పుట్టినది. విడుపు భర్తదే యైనను, దానికి ప్రామాణ్యము నిచ్చుటయో మానుటయో భార్య చేతిలో నున్నది. చలనచిత్రములును టెలివిజనును ఈ శంకను చాలవఱకు సరసోక్తులుగా మార్చినవి. నవలలోని పదును వానిలో తగ్గినది.

రెండవ జంట నార్త్ దంపతులు. ఫ్రాన్సెస్ లాక్‌రిడ్జ్, రిచర్డ్ లాక్‌రిడ్జ్ అను భార్యాభర్తలు కలిసి వ్రాసిన ‘ది నార్త్స్ మీట్ మర్డర్’ 1940లో వెలువడినది. జెరీ నార్త్ న్యూయార్కులో పుస్తక ప్రకాశకుడు. పామ్ అతని భార్య. వృత్తిరీత్యా పరిశోధన చేయువాడు పోలీసు అధికారి వైగాండ్. ఈ కథలు రేడియోలో ప్రసారమై, 1952 మొదలు 1954 వఱకు టెలివిజన్‌లో వచ్చినవి. రిచర్డ్ డెనింగ్, బార్బరా బ్రిటన్ నటించిరి. ఇందు పామ్ మాట తీరు విశేషము. ఆమె వాక్యములు నడుమ మెట్లను వదలి దుముకును. వినువారికి మొదట నవి యసంబద్ధములుగా తోచును. పిమ్మట నందే రహస్యపు కొస దొరకును. రచయితలు స్త్రీ బుద్ధికి విడుపు నిచ్చిరి గాని, దానిని తర్కముగా గాక స్ఫురణగా చూపిరి. ఇది సగము గౌరవము మాత్రమే. పురుషుడు కనుగొనిన అనుమాన ప్రమాణమనుటయు, స్త్రీ కనుగొనిన అదృష్టవశమున తట్టినదనుటయు లోకమున వాడుక. పామ్ ఆ వాడుకను దాటలేదు. ఇట మఱియొక సంగతి చెప్పవలెను. 1963లో ఫ్రాన్సెస్ మరణించిన పిమ్మట రిచర్డ్ ఇతర నవలలు వ్రాసెను గాని, నార్త్ దంపతుల కథ మఱి వ్రాయలేదు. ఇద్దఱి సంవాదమున పుట్టిన రూపము ఒకరితో కొనసాగలేదు.

అగాథా క్రిస్టీ సృష్టించిన టామీ, టపెన్స్ 1922లో తొలిసారి కనబడిరి. 1929 నాటి ‘పార్టనర్స్ ఇన్ క్రైమ్’ కథలాధారముగా ఇంగ్లండులో 1983లో ప్రారంభమైన ధారావాహికలో జేమ్స్ వార్విక్, ఫ్రాన్సెస్కా ఆనిస్ నటించిరి. ఈ జంట స్వభావమును తెలియుటకు 1941 నాటి ‘ఎన్ ఆర్ ఎమ్?’ నవల చక్కని సాధనము. యుద్ధకాలమున టామీకి రహస్య కార్యమొకటి అప్పగింపబడును. భార్యకు చెప్పరాదని యాజ్ఞ. అతడు గమ్యస్థానము చేరి చూచునప్పటికి టపెన్స్ మాఱుపేరుతో నతనికంటె ముందే అచ్చట నుండును. శత్రు గూఢచారి రహస్యమునకు పూర్వమే భర్త దాచిన రహస్యమును ఆమె ఛేదించినది. స్త్రీని పరిశోధన నుండి తప్పించుటయే ఇందు మొదటి పొడుపు. దానిని విప్పుటయే ఆమె యోగ్యతా పరీక్ష. మేము పరిశీలించిన పాశ్చాత్య కృతులలో ఈ సన్నివేశమును మించి సూటియైనది లేదు.

1971లో ఎన్.బి.సి. యందారంభమైన ‘మెక్‌మిలన్ అండ్ వైఫ్’ పేరులోనే తన పరిమితిని చెప్పుకొన్నది. భర్తకు పేరున్నది, భార్యకు సంబంధము మాత్రమున్నది. రాక్ హడ్సన్ ధరించిన పాత్ర శాన్‌ఫ్రాన్సిస్కో నగర పోలీసు కమిషనరు. సూసన్ సెయింట్ జేమ్స్ ధరించిన శాలీ అతని భార్య. శాలీ చుఱుకైనది, సాక్ష్యములు తఱచుగా ఆమె కంటనే పడును, ఆపదయు ఆమెకే కలుగును. అధికారము భర్తది కావున తుది నిర్ణయము భర్తదే. 1976లో ఆ నటి తప్పుకొనగా, శాలీ విమాన ప్రమాదమున మరణించినట్లు కల్పించి, ‘మెక్‌మిలన్’ అను పేరుతో ధారావాహికను నడపిరి. అది 1977లో ముగిసెను. భార్యను తొలగించియు కథను నడపవచ్చునని నిర్మాతలు తలచుటయే, ఆమెకు విడుపులో భాగము ఈయలేదనుటకు నిదర్శనము. అదే ప్రసార పరంపరలో వచ్చిన ‘కొలంబో’లో పీటర్ ఫాక్ ధరించిన పరిశోధకుడు మాటిమాటికి తన భార్య నుదాహరించును, ఆమె యొక్కసారియు అందు కనబడదు. ఒకచోట భార్య యున్నది, పేరు లేదు. ఒకచోట మాట యున్నది, మనిషి లేదు.

ఇక ‘హార్ట్ టు హార్ట్’. సిడ్నీ షెల్డన్ రూపొందించిన యీ ధారావాహిక 1979 మొదలు 1984 వఱకు ఏ.బి.సి. యందు అయిదు ఋతువులు నడచెను. 1993, 1996 సంవత్సరముల నడుమ ఎనిమిది టెలివిజన్ చిత్రములుగా మరల వచ్చెను. జొనాథన్ హార్ట్ ధనవంతుడైన వ్యాపారాధిపతి. జెనిఫర్ పత్రికా రచయిత్రి. రాబర్ట్ వాగ్నర్, స్టెఫనీ పవర్స్ ఈ పాత్రలను ధరించిరి. ఇంటి పనులు చూచు మాక్స్ పాత్రను లయొనెల్ స్టాండర్ ధరించెను. జెనిఫర్‌కు ప్రశ్నించుట వృత్తి. ఆమె భర్త వెంట తిరుగు భార్య కాదు. తన కార్యము తనకున్నది. ఆపదలో ఒకరినొకరు రక్షింతురు; సమాధానమును ఇద్దఱు పంచుకొందురు. ఈ రూపమున స్త్రీ పురుషుల సమానత్వము ఇచ్చట పూర్ణముగా కనబడును. కాని విమర్శకుడు మఱియొక సంగతిని దాచరాదు. ఈ కథలలో పొడుపు పలుచబడినది. నేరస్థుడెవరో ప్రేక్షకునకు తఱచుగా ముందే తెలియును. భవనములు, కార్లు, విమానములు, దంపతుల సరసములు కథాస్థలమును నింపివేయును. విప్పవలసిన ముడి బలహీనమైనపుడు విడుపులో సగము వాటా యిచ్చుట గొప్ప దానము కాదు. నోరాకు అధికారము లేదు, కాని ఆమె శంక గట్టిది. జెనిఫర్‌కు అధికారమున్నది, శంకించుటకు తగిన చిక్కు లేదు.

మన దేశమునకు వచ్చినచో, 1985లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘కరంచంద్’ యందు పంకజ్ కపూర్ పరిశోధకుడు. సుస్మితా ముఖర్జీ ధరించిన కిట్టీ సహాయకురాలు. వారు దంపతులు కారు. ఆమె అమాయకపు ప్రశ్న వేయుటయు, అతడు నోరు మూసికొమ్మనుటయు హాస్యముగా ప్రసిద్ధి కెక్కినవి. పొడుపునకు సైతము స్త్రీకి హక్కు లేదనుట యందలి సారము. 1993లో వచ్చిన ‘వ్యోమకేశ్ బక్షీ’ గంభీరమైన కృతి. శరదిందు బంద్యోపాధ్యాయ కథలను బాసు చటర్జీ దర్శకత్వమున రూపొందించిరి. హత్యానేరము మోపబడిన సోదరుని రక్షింపుమని సత్యవతి వ్యోమకేశుని యొద్దకు వచ్చును. పిమ్మట నతని భార్యయగును. కాని వివాహానంతరము పరిశోధన యందు తోడు మిత్రుడైన అజిత్‌దే; సత్యవతి గృహమున నిలిచిపోవును. మనవారు గురుశిష్య రూపమును సంతోషముగా స్వీకరించి, దంపతీ రూపమును గడపయొద్దనే యాపిరి.

దీనిని చూచి, దంపతుల సంవాదమున రహస్యము విచ్చుకొను కథ భారతీయ సంప్రదాయమునకు సరిపడదని కొందఱనవచ్చును. ఆ మాట చెల్లదని మా వాదము. బృహత్కథ పుట్టుక నెఱిగినవారికి అది భార్య కోరికతో నారంభమైనదని తెలియును. ఎవరును వినని కథ చెప్పుమని పార్వతి కోరగా శివుడు చెప్పెను. పుష్పదంతుడు చాటున విని శాపము పొందెను. భార్య ప్రశ్న, భర్త కథనము, చాటున వినుట, రహస్యము వెల్లడి యగుట అను అంగములన్నియు అందు కలవు. కాని అచ్చట పార్వతిది పొడుపు మాత్రమే, విడుపు శివునిది.

ఈ యమరికను తీసికొని, దానిని తలక్రిందులు చేసిన కవి మన సీమలోనే కలడు. పదునాఱవ శతాబ్దిని నంద్యాల కృష్ణమరాజునకు పింగళి సూరన అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయము’ను మేము ఉద్దేశించుచున్నాము. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 2022లో వేఱు జిల్లాకు కేంద్రమైన నంద్యాలయే ఆ ప్రభువుల స్థానము. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’న సూరన కథాకల్పనను ప్రశంసించిన నాటి నుండి ఈ కావ్యపు కథాసంవిధానమును గూర్చి మన విమర్శకులు చాల వ్రాసిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీనిని ఇంగ్లీషున ననువదించిరి. అయినను దీనిని రహస్య పరిశోధన కథగా పరిశీలించుట యింకను జరుగవలసియున్నది.

కావ్యారంభమున కలభాషిణి, నారదుడు, మణికంధరుడు, రంభా నలకూబరులు కనబడుదురు. వారి నడుమ మాఱువేషములు, అపార్థములు, పేరు తెలియని సంబంధములు అల్లుకొనును. చెప్పరాని కథ యొకటి కలదని పాఠకునకు సూచన మాత్రము అందును. మణిస్తంభుడను సిద్ధుడును, సుముఖాసత్తి యను తపస్వినియు మనకు మొదట వేఱువేఱుగా పరిచయమగుదురు. వారు శాలీనుడు, సుగాత్రి యను దంపతులే యని పిమ్మట తెలియును. కార్యము ముందు, కారణము వెనుక. వ్యక్తి ముందు, అతడెవరను జ్ఞానము వెనుక. నేటి పరిశోధన నవలాకారుడు చేయునది ఇదియే గదా!

ఆ చెప్పరాని కథకు మూలము బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ. ఆ దంపతుల ప్రణయ కలహమే దానికి పుట్టినిల్లు. వారి శృంగార చేష్టలే అందలి పాత్రల పేళ్లలో మఱుగుపడి యున్నవి. అయినను సూరన అంతటితో నాగలేదు. మణికంధరుడు కళాపూర్ణుడను రాజుగా పుట్టును. కలభాషిణి మధురలాలసగా పుట్టును. రాజుకు తానెవరో తెలియదు. మణిహార ప్రభావమున పూర్వజన్మస్మృతి కలిగిన మధురలాలస, శిశువుగా నుండియే, అతని సభలో గతమంతయు వెల్లడించును. తరువాత ఆమెయే అతని భార్యయగును. బృహత్కథలో స్త్రీ అడిగెను, పురుషుడు చెప్పెను. కళాపూర్ణోదయమున పురుషుడు, అందును సింహాసనస్థుడైన ప్రభువు, వినుచున్నాడు. కాబోవు భార్య విప్పుచున్నది. నోరాకు సుమారు నాలుగు శతాబ్దములకు పూర్వమే నంద్యాల యాస్థాన కవి విడుపును స్త్రీ నోట నుంచెను.

ఈ పోలికకు రెండాక్షేపణలు రావచ్చును. కళాపూర్ణోదయమున నేరపరిశోధన లేదు గదా యనునది మొదటిది. నిజమే. కాని మేము పోల్చునది నేరమును గాదు, రహస్యము విచ్చుకొను క్రమమును. రెండవ యాక్షేపణ మఱింత బలమైనది. మధురలాలస జ్ఞానము స్మృతి. పరిశోధకుని జ్ఞానము అనుమానము. ఆమె ఊహించి కనుగొనలేదు, జ్ఞప్తికి తెచ్చుకొన్నది. దీనిని మేము పూర్ణముగా నంగీకరింతుము. పామ్ నార్త్‌కు స్ఫురణ, మధురలాలసకు మణిహారము. ఇరువురకును రచయితలు తర్కమును ప్రత్యక్షముగా నీయలేదు. స్త్రీ చెప్పునది నిజమని యంగీకరించుటకు లోకము ఏదో యొక యద్భుతమును సాక్ష్యముగా కోరినదన్నమాట. అయినను ఒక భేదము కలదు. పామ్ స్ఫురణను సరిచూచుటకు పోలీసు అధికారి కావలెను. మధురలాలస వాక్యము సభలో తనంతట తానే ప్రమాణమయ్యెను. వినువారు సందేహింపకపోవుటకు కారణము, అంతవఱకు విడివిడిగా నున్న సంఘటనలన్నియు ఆమె మాటతో నొక్క వరుసకు వచ్చుటయే. అన్ని ముడులను ఒక్కసారి విప్పగల సమాధానమే సత్యమనుట పరిశోధన కథకు పరమ సూత్రము. ఆ సూత్రమును సూరన పాటించెను.

ఈ పరిశీలన వలన తేలిన దేమనగా, దంపతీ పరిశోధక కథ యొక్క విలువ దంపతుల సరసములలో లేదు. ప్రశ్నించిన వ్యక్తికి సమాధానము చెప్పు నధికారము కూడ నున్నదా లేదా యనుదానిలో నున్నది. ఆ కొలతకు ‘మెక్‌మిలన్ అండ్ వైఫ్’ తక్కువ తూగును. ‘హార్ట్ టు హార్ట్’ అధికారము నిచ్చి ముడిని సడలించినది. హామెట్ ముడిని బిగించి స్త్రీకి శంకను మాత్రమిచ్చెను. క్రిస్టీ రెంటిని దగ్గఱకు తెచ్చెను. మన ధారావాహికలు ఈ పరీక్షకు నిలువలేదు. వానిని నిర్మించినవారికి విదేశీయ నమూనాలు దొరకినవి గాని, సూరన మాత్రము గుర్తుకు రాలేదు.

కర్నూలు, కడప ప్రాంతములలో పరిశోధన సాగించు విద్యార్థులకు ఇందొక కార్యము కలదు. పొడుపు కథలను సేకరించునపుడు కథను వ్రాసికొనుటతో తృప్తిపడక, దానిని పొడిచినవారెవరు, విప్పినవారెవరు, ఆ సమయమున నెవరి మాట నెవరు ఖండించిరి యనునది కూడ వ్రాసికొనవలెను. ప్రబంధములను చదువునపుడు వర్ణనలను, అలంకారములను లెక్కించుటతో నాగక, రహస్యము ఎవరి నోట వెలువడినదో పరిశీలింపవలెను. అట్టి సామగ్రి సిద్ధమైన నాడు, స్త్రీ మాట మన కథలలో నెప్పుడు ప్రమాణముగా నుండినదో, ఎప్పుడు సరసోక్తిగా మాఱినదో, ఎప్పుడు హాస్యమునకు గుఱియైనదో, ఆ మార్పులకు కారణములేవో ఆధారములతో నిర్ణయింప వీలగును.